ఫోటో దిగినవారు, ఫోటో తీసినవారు

ఛాయాచిత్రమును గూర్చి చెప్పుకొనేటప్పుడు తెలుగువారము మూడు మాటలు వాడుతాము. కెమెరా చేత పట్టుకొన్నవాడు ఫోటో తీస్తాడు. దాని యెదుట నిలిచినవాడు ఫోటో దిగుతాడు. ఉతికిన చొక్కా తొడుక్కొని, తల దువ్వుకొని, డబ్బు జేబులో పెట్టుకొని స్టూడియోకు పోయినవాడు ఫోటో తీయించుకొంటాడు. మా ఉర్దూ విభాగపు మిత్రులను అడిగితే వారి భాషలోనూ 'తస్వీర్ ఉతార్‌నా' అనే పలుకుబడి ఉన్నదన్నారు. ఉతార్‌నా అనగా దించుట. తీయించుకొనుటకు 'ఖించ్‌వానా' అనే వేరు మాట ఉన్నది. ఛాయాగ్రహణ విద్యకు వారు వాడే 'అక్కాసీ' అనే పదము ప్రతిబింబమునకు పేరైన 'అక్స్' నుండి వచ్చినదట. దిగుటకును తీయించుకొనుటకును గల భేదము చిన్నదేమీ కాదని మాకు నిఘంటువుల వలన గాక, మేము చేసిన ఒక పొరపాటు వలన తెలిసినది.

1986 డిసెంబరులో, విద్యార్థులుగా ఉన్న రోజులలో, మేము నలుగురము విహారయాత్రకు అరకులోయ వెళ్లాము. శృంగవరపుకోట దాటి బస్సు ఘాట్ రోడ్డు ఎక్కినది మొదలు మా కన్ను కెమెరా మీదనే ఉన్నది. అది ఆగ్‌ఫా క్లిక్ త్రీ. ఒక రీలుకు పన్నెండు బొమ్మలు వచ్చేవి. వలిసె పూల పసుపు నలుపు-తెలుపు ఫిల్ములో పడదని తెలిసి కూడ నాలుగు బొమ్మలు ఆ పూలకే తగులబెట్టాము. సంతలో అల్లము, కొండచీపుళ్లు ముందు పెట్టుకొని కూర్చున్న ఒక వృద్ధురాలిని చూడగానే పదకొండవ బొమ్మ తీశాము. ముక్కున మూడు నత్తులు, నుదుట పచ్చబొట్టు, ఎండ ఒక ప్రక్క నుండి పడుచున్నది. ఆమెను అడగలేదు. ఆమె ప్రక్కనున్న ఎనిమిదేళ్ల మనుమడు మాత్రము, "బాబూ, మా మామ్మ బొమ్మ మాకెప్పుడిస్తారు?" అన్నాడు. పోస్టులో పంపుతామన్నాము. ఊరి పేరు ఫిల్ము చుట్టిన కాగితము మీద వ్రాసుకొన్నాము కూడ.

పంపలేదు. రీలు కడిగించిన తరువాత ఆ బొమ్మను పెద్దది చేయించి, అంచులు కత్తిరించి, కళాశాల గోడపత్రికలో అంటించాము. క్రింద 'గిరిజన వృద్ధురాలు' అని అందమైన అక్షరములతో వ్రాశాము. అధ్యాపకులు మెచ్చుకొన్నారు. ఆమె పేరేమిటని ఎవరును అడగలేదు. అడిగినా చెప్పగలిగేవారము కాము.

అట్టి శీర్షిక పెట్టుట మా స్వంత ఆలోచన అని అప్పుడు అనుకొన్నాము. నిజమునకు అది మాకంటె నూరేండ్లు పెద్దది. 1868 నుండి 1875 వరకు ఇంగ్లండులో ఎనిమిది సంపుటములుగా వెలువడిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అనే గ్రంథమున నాలుగు వందలకు పైగా ఫోటోలున్నవి. వాటిలో చాలవాటి క్రింద ఉన్నది మనిషి పేరు కాదు, జాతి పేరు. 1909లో మదరాసు ప్రభుత్వ మ్యూజియము సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సహాయముతో, దక్షిణ భారత కులములను తెగలను గూర్చి ఏడు సంపుటములు ప్రకటించారు. గదబలు, ఖోందులు, పోరజలు మొదలుగా ఈ తూర్పు కనుమల ప్రజలందరును అందులో ఉన్నారు. థర్‌స్టన్ పరికరములతో తలలు, ముక్కులు కొలిచిన మనిషి. కెమెరా కూడ ఆయనకు అట్టి కొలబద్దయే. కొలతకు పేరుతో పనిలేదు గదా! అయినను గదబ స్త్రీల ఇత్తడి తీగ చెవికమ్మలు, నారచీరలు ఆ నాడు ఎట్లుండెడివో తెలుసుకొనుటకు నేడు ఇటువంటి పుస్తకములనే తెరువవలసి వచ్చుచున్నది. కనుక వానిని తీసి పారవేయమని మేము అనము. ఆ ముఖములు ఎవరివో చెప్పగలిగినవారికి ఆ పుస్తకము చేరలేదు, చేరిన చోట చెప్పగలిగినవారు లేరు. మా ఫిర్యాదు అంతవరకే.

ఈ పాత బొమ్మలలో ముఖములు బిగుసుకొని ఉండుటకు మనము సాధారణముగా ఒక కారణము చెప్పుకొంటాము. 1839లో పారిస్‌లో డాగెర్ పద్ధతి ప్రకటితమైన తొలి దినములలో ఒక బొమ్మ పడుటకు నిమిషముల కాలము కదలక కూర్చుండవలసి వచ్చేది. స్టూడియోలలో కుర్చీ వెనుక ఇనుప కొంకి ఒకటి అమర్చి, తల కదలకుండ దానికి ఆనించేవారు. 1851లో వచ్చిన తడి ప్లేటు పద్ధతిలో నిమిషములు కొన్ని సెకండ్లయినవి. కాని ఆ ప్లేటు తడి ఆరకముందే ఫోటో తీసి కడగవలెను. కొండ ఎక్కేవాడు చీకటి డేరాను, మందుల సీసాలను వెంట మోయించుకొని పోవలెను. 1871 తరువాత జెలటిను పూసిన పొడి ప్లేటు వచ్చి ఆ బాధ తీర్చినది. మరి పదేండ్లు గడిచేసరికి సెకండులో చిన్న భాగము చాలినది. అనగా థర్‌స్టన్ కాలమునకు తల బిగించుకొని నిలువవలసిన అవసరము తీరిపోయినది. ప్లేటు వేగము పెరిగినది గాని కొండవారి ముఖములు మాత్రము సడలలేదు. సర్కారు మనిషి నిలుచోమంటే నిలుచున్నవాని ముఖము ఏ ప్లేటు మీదనైనా అట్లే ఉంటుంది.

కొండవారు ఫోటోకు జడిసేవారని, ఆయుష్షు తగ్గునని నమ్మేవారని వ్రాయుట ఒక ఆచారమైపోయినది. ఈ నమ్మకము వారిదొక్కరిదే అయినట్లు! పల్లపు ప్రాంతములలో మా అమ్మమ్మలు, నాయనమ్మలు కూడ ఆ మాటే అనెడివారు. అదే ఇళ్లలో ఎవరైనా కన్నుమూసిన వెంటనే ఫోటోగ్రాఫరు కొరకు సైకిలు మీద మనిషిని పంపేవారు. బ్రతికి ఉండగా భయము, పోయిన తరువాత ఆరాటము. ఆ కడపటి బొమ్మకు అద్దము వేయించి, అద్దము మీద కుంకుమ బొట్టు పెట్టి, దండ వేసి గోడకు తగిలించేవారు.

ఇక తీయించుకొనుటలో గల అధికారమెట్టిదో చూడవలెనంటే, థర్‌స్టన్ కొలతలు కొలిచిన ఆ కాలముననే హైదరాబాదులో జరిగిన ఒక ముచ్చట చెప్పుకోవలెను. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో జన్మించిన లాలా దీన్‌దయాళ్ ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై, 'రాజా' బిరుదును, 'ముసవ్విర్ జంగ్' అనే పేరును పొందారు. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. 1892లో ఆయన హైదరాబాదులో జనానా స్టూడియో నొకదానిని నెలకొల్పారు. పర్దా పాటించే స్త్రీల కొరకు ఏర్పడిన ఆ స్టూడియో నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. తన బొమ్మ ఎవరు తీయవలెను, ఎవరు చూడవలెను అనే రెండు ప్రశ్నలకు సమాధానము అచ్చట కూర్చున్న స్త్రీ చేతిలోనే ఉన్నది. ధనము, హోదా ఉన్నవారికి మాత్రమే లభించిన సౌకర్యమది, నిజమే. కాని అట్టి సౌకర్యమొకటి సాధ్యమని ఆ కాలమునకు తెలుసునన్నమాట. కొండమీది స్త్రీని ఆ రెండు ప్రశ్నలలో ఒక్కటియు ఎవరును అడగలేదు.

కొండలకు సంబంధించినంతవరకు ఫోటో చరిత్రలో మిక్కిలి బాధ కలిగించు పుట అల్లూరి సీతారామరాజుది. ఆయన తండ్రి వెంకటరామరాజు రాజమహేంద్రవరములో ఫోటోగ్రాఫరుగా జీవించినవాడన్న సంగతి చాలమందికి తెలియదు. కెమెరా, ప్లేట్లు, మందుల వాసన ఉన్న ఇంటిలో ఆ బాలుడు పెరిగినాడు. పసితనము తీరకముందే తండ్రి గతించినాడు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగా మూడు రోజులు దాడి చేసి, తుపాకులు తీసుకొనిపోయిన నాటి నుండి రెండేండ్ల పాటు ప్రభుత్వము ఆయన కొరకు వెదకినది. 1924 మే 7న కొయ్యూరు ప్రాంతమున పట్టుబడి తుపాకి గుండ్లకు బలియైన తరువాత తీసిన ఫోటోయే ఆయన బొమ్మలలో ఎక్కువగా పేరుపొందినది. ఫోటోగ్రాఫరు కొడుకు, తాను కోరకయే, కదలలేని స్థితిలో దిగిన బొమ్మ అది.

ప్రభుత్వమునకు ఆ ఫోటో ఆనవాలు. మనిషి చనిపోయినాడని చెప్పుటకు, చనిపోయినది ఆ మనిషియేనని చెప్పుటకు అది పనికివచ్చినది. అదే ఫోటోను ప్రజలు మరొక విధముగా చూచినారు. ఆ ముఖమును చిత్రకారులు కుంచెతో బ్రతికించారు. కండ్లు తెరిపించారు, విల్లంబులు ధరింపజేశారు, వెనుక కొండలు గీశారు. 1974లో కృష్ణ నటించిన చలనచిత్రము చాల భాగము చింతపల్లి అడవులలోనే తీయబడినది. అది వచ్చిన తరువాత తెలుగు దేశమున అనేకులకు రామరాజు ముఖమంటే కృష్ణ ముఖమే. 1986లో తపాలా శాఖ రామరాజు పేర బిళ్లను వెలువరించినది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రముగా ఏర్పడి, అరకులోయ కూడ చేరిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. సర్కారు తీసిన ఫోటోను జనము తమదిగా చేసికొనుటకు ఇంతకంటె పెద్ద నిదర్శనము మాకు తెలియదు. అయితే ఆయన వెంట నడచిన కొండవారిలో బొమ్మ మిగిలినవారు ఎందరని అడిగితే మాత్రము మాట తడబడుతుంది.

ఫోటో లేని కాలమున కొండలలో పోయినవారిని తలచుకొనేది ఎట్లు? గదబలలో పెద్దల పేర రాళ్లు నిలిపే ఆచారము ఉన్నది. దానిని గూర్చి 1940 ప్రాంతములలో ఈ కొండలలో తిరిగిన హైమెండార్ఫ్ పండితుడు వివరముగా వ్రాసినాడు. ఆ రాతికి ముక్కు లేదు, కన్ను లేదు. కాని అది ఎవరి రాయో ఊరికి తెలుసు. ఆ రాతి మీద కూర్చున్న పిల్లవానికి కూడ తెలుసు. పైగా అది ఊరు విడిచి ఎచ్చటికిని పోదు. హైమెండార్ఫ్ తీసిన వేలాది ఫోటోలు లండనులోని ఒక విద్యాసంస్థకు చేరినవి. ఆయనను తలచుకొంటే మరొక విశేషము కూడ చెప్పవలసియున్నది. ఆదిలాబాదు ప్రాంతపు మార్లవాయిలో గోండులు ఆయన సమాధిని, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధిని నేటికిని కొలుచుచున్నారు. తమ్ము ఫోటో తీసినవారిని గోండులు తమ ఊరివారిలో కలుపుకొన్నారు. అక్కడ వారు ఏండ్ల తరబడి కాపురమున్నారు, బడులు పెట్టించారు. ఒక్కపూట సంతకు వచ్చి పదకొండవ బొమ్మ తీసుకొని పోయిన మావంటివారితో దానిని పోల్చరాదు.

నేడు కొండ ఇండ్లలో గోడకున్న బొమ్మలు ఎక్కడివని చూస్తే, వానిలో చాలవాటి మూలము సర్కారు కార్డే. 1993లో ఎన్నికల సంఘము ఓటర్లకు ఫోటో గుర్తింపు కార్డుల పద్ధతిని ప్రవేశపెట్టినది. 2010లో ఆధార్ మొదలైనది. మన రాష్ట్రమున రేషను కార్డుకు కుటుంబమంతటి ఫోటో అతికించే పద్ధతి ఒకటి వచ్చినది. తల్లి, తండ్రి, బిడ్డలు ఒక్కచోట నిలబడి దిగిన బొమ్మ అది తప్ప మరొకటి లేని ఇండ్లు ఎన్నో ఉన్నవి. ఈ కార్డుల ఫోటోకు నియమములు తెలిసినవే: నేరుగా చూడవలెను, కండ్లు తెరవవలెను, వెనుక ఏమీ ఉండరాదు, నవ్వరాదు. థర్‌స్టన్ కోరినది కూడ దాదాపు ఇదే. అయితే ఇచ్చట ఒక గొప్ప తేడా ఉన్నది. కార్డు మీద పేరు ఉన్నది, ఆ కార్డు ఇంటికి వచ్చినది.

ఇంటిలో పెద్ద పోయిన తరువాత ఆ కార్డు పట్టుకొని పాడేరుకో, అరకుకో, శృంగవరపుకోటకో స్టూడియోకు వస్తారు. తపాలా బిళ్లంత బొమ్మను పది అంగుళముల వెడల్పు, పన్నెండు అంగుళముల ఎత్తు గల పటముగా చేయవలెను. పాస్‌పోర్టు సైజు ఫోటో అయితేనే ఎత్తు ఏడింతలు సాగదీయవలెను; కార్డు బొమ్మ అంతకంటె చిన్నది. సాగిన కొలది ముఖము చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. వెనుకటి రోజులలో రీటచింగ్ చేసేవాడు నెగెటివ్ మీద సన్నని పెన్సిలుతో ఆ చుక్కలను పూడ్చేవాడు, తరువాత బ్రోమైడు కాగితము మీద చేతితో రంగులద్దేవాడు. నేడు ఆ పని కంప్యూటరులో జరుగుతుంది. లేని చోట కనుబొమ చేర్చుతారు, పాత చీరకు జరీ అంచు పెట్టుతారు, వెనుక నీలాకాశము పరుస్తారు. ఇది అబద్ధము గదా అని మేము మొదట అనుకొన్నాము. స్టూడియోలో బల్లకు ఇవతల నిలబడి, "ముక్కు ఇంకొంచెము సన్నము బాబూ, మా అమ్మది అంత వెడల్పు కాదు" అని కూతురు చెప్పగా దిద్దే బొమ్మను చూచిన తరువాత ఆ మాట అనుటకు నోరు రాలేదు. అది కార్డును చూచి వేసిన బొమ్మ కాదు. ఆ కూతురు చెప్పగా వేసిన బొమ్మ.

అరకుకు వచ్చే యాత్రికులకు ఇప్పుడు మరొక వినోదము దొరుకుతున్నది. కాఫీ తోటల దగ్గర కొండవారి చీర కట్టు కట్టించి, నుదుట పచ్చబొట్టు వలె రంగు దిద్ది, తలమీద కుండ పెట్టి ఫోటో తీస్తారు. అద్దెకిచ్చేవారికి కొంత ఆదాయము కలుగుతున్నది, దానిని కాదనము. థింసా నృత్యపు బొమ్మలు సర్కారు క్యాలెండర్లలోను, ప్రకటనలలోను మనము చూచినంతగా ఆ నర్తకులు తమ ఇంటి గోడల మీద చూచుకొన్నారా అన్నది మాత్రము మాకు తెగని సందేహము. అయితే సెల్‌ఫోను వచ్చిన తరువాత అక్కడి పడుచువారు తమ ఫోటోలు తామే తీసుకొంటున్నారు. తీయుట, దిగుట, తీయించుకొనుట మూడును ఒక్కచేతిలోకి వచ్చినవి. మాకు కలిగిన సంతోషములలో ఇది ఒకటి.

మా పదకొండవ బొమ్మ సంగతి చెప్పలేదు. ఆ రోజుల నోటుపుస్తకములో దాచిన నెగెటివ్ 2023లో దొరికినది, ఊరి పేరున్న కాగితము సహా. పూర్తి నెగెటివ్‌ను, అంచులు కత్తిరించకుండ, పెద్దదిగా ప్రింటు వేయించాము. ఆ డిసెంబరులో, నలుగురిలో మిగిలిన ఇద్దరము, అది తీసుకొని అరకు సంతకు పోయాము. అల్లము అమ్మే స్త్రీల చేతులలో ఆ బొమ్మ ఒకరి నుండి ఒకరికి పోయినది. నలుగురైదుగురు చూచి తల అడ్డముగా ఊపారు. చివరకు ఒక ముసలమ్మ దానిని ఎండకు ఎత్తి పట్టుకొని చూచి, నవ్వి, ఒక పేరు చెప్పినది. ముప్పదియేడేండ్లకు మాకు ఆమె పేరు తెలిసినది.

ఊరికి పోయేసరికి ఆమె పోయి ఇరవయ్యేండ్లు దాటినదని తెలిసినది. గోడమీద ఓటరు కార్డు నుండి తీయించిన పటము ఉన్నది; నీలాకాశము, జరీ అంచు, నవ్వులేని ముఖము. మనుమడికిప్పుడు నలుబది యైదేండ్లు. మా బొమ్మను రెండు చేతులతో పట్టుకొని చాలసేపు చూచినాడు. ఆయన చూచుచున్నది మామ్మ ముఖమును కాదని మాకు కొంచెము ఆలస్యముగా అర్థమైనది. బొమ్మ ఎడమ అంచున, మామ్మ చీర కొంగును పట్టుకొని, నాలుగు చిన్న వేళ్లు ఉన్నవి. గోడపత్రిక కొరకు అందము చెడునని మేము కత్తిరించి పారవేసిన అంచు అదే.

"ఈ సెయ్యి నాది మేస్టారూ" అన్నాడు. ఆయన చిన్ననాటి ఫోటో మరొకటి ఆ ఇంటిలో లేదు.

ఈ వ్యాసముతో పాటు ఆ బొమ్మను అచ్చు వేసుకొందుమా అని అడిగాము. ఆయన తల్లితో కొండభాషలో కొంతసేపు మాట్లాడి, వద్దన్నాడు. అందుకే ఈ పుటలలో అది లేదు; ఆమె పేరు కూడ లేదు. కారణము చెప్పలేదు, మేమును అడగలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సు దాకా తోడు వచ్చి, "దీని రీలు మీ కాడే ఉందా?" అన్నాడు. సంచిలో నుండి నెగెటివ్ తీసి ఆయన చేతికిచ్చాము. వెలుతురుకు ఎదురుగా పట్టుకొని, నల్లగా ఉన్న మామ్మను, తెల్లగా ఉన్న ఆమె జుట్టు నీడను చూచి, చొక్కా జేబులో పెట్టుకొన్నాడు.